ఉప్పొంక ఆగిన చోటు

నేను ఒక వంకను. ఈ మాట వినగానే నాలో ఏదో లోపం ఉందనుకోకండి. మా సీమలో చిన్న ఏటిని వంక అంటారు. లోపం కూడా ఉందనుకోండి, అది తర్వాతి సంగతి. ఏడాదికి మహా అయితే ఇరవై రోజులు పారతాను. మిగిలిన మూడొందల నలభై చిల్లర రోజులు ఇసుకగా పడుకొని ఉంటాను. అంత సెలవు ఏ సర్కారు ఉద్యోగికీ లేదు కాబట్టి నన్ను చూస్తే అందరికీ కడుపుమంట. ఆ మంట ఆర్పడానికి కూడా నీళ్ళు నేనే తేవాలి.

ఆత్మకథ రాయాలంటే ఇంకు కావాలంటారు. ఆ విషయంలో నాకు లోటు లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఇంకుతూనే ఉన్నాను.

అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటక వైపు నుంచి వచ్చే గాలి ఇసుకను ఎత్తుకొచ్చి దిబ్బలు పోసే చోట నా కాపురం. ఎర్రగుట్ట మీద పడిన వాన ఎటు పోవాలో తెలియక బండల మీద కాసేపు తచ్చాడి, చివరికి పల్లం ఎటుంటే అటు పోదామని తీర్మానిస్తుంది. ఆ తీర్మానమే నేను. నన్ను ఎవరూ కూర్చొని తయారు చెయ్యలేదు. గొర్రెల గిట్టలు, బండిచక్రాలు, పాత వరదలు తలా ఓ గీత గీసి వదిలేశాయి. అందుకే ఇన్ని వంకర్లు. పుట్టిన చోటి నుంచి తొమ్మిది మైళ్ళు నా నడక. నదులన్నీ సముద్రంలో కలుస్తాయని పిల్లలకు చెప్పే పంతుళ్ళు నన్ను ఎప్పుడూ చూడలేదు. నేను పోయి పడేది తెల్లమడుగులో. ఆ మడుగుకు లోపలికి దారి ఉంది, బయటికి లేదు. వచ్చిన నీళ్ళు ఎండకు ఆవిరై పోవాలి, దారిలో తోడు తెచ్చుకున్న ఉప్పును మాత్రం అక్కడే దించి పోవాలి.

ఒక వేసవిలో సర్వేవాళ్ళు వచ్చి నన్ను పటంలోకి ఎక్కించారు. నిండా పారే నదికి నిండు గీతట, నాబోటివాటికి చుక్కల గీతట. చుక్క నీరు లేని రోజున వచ్చారు, చుక్కలతో సరిపెట్టారు. ఆ ఎండలో నా ఇసుక మీద నడిచినందుకు వాళ్ళకు పట్టపగలే చుక్కలు కనబడే ఉంటాయి. అవే పటంలో పెట్టి ఉంటారని నా అనుమానం. మడుగు ఒడ్డునున్న కొట్టాలవాళ్ళు మాత్రం నన్ను ఉప్పు వంక అన్నారు. నోరు తిరిగే వేగంలో అది ఉప్పొంక అయింది. ఉప్పొంగడం ఎప్పుడో గాని లేదు, పేరు మాత్రం నిలిచింది.

నా ఒడ్డున ఒక కట్టుబాటు ఉండేది. ఏటా నాలో వచ్చే తొలినీళ్ళు మడుగువి. అవి పోయి మడుగును ముట్టేదాకా ఎగువ ఊళ్ళలో ఒక్కరూ బిందె ముంచేవారు కాదు, ఎద్దును కడిగేవారు కాదు, వేలు తడిపి నోట పెట్టేవారు కాదు. దాహమైతే బావికి పోయేవారు. నీళ్ళు మడుగును ముట్టగానే కొట్టాలవాడొకడు దిబ్బ ఎక్కి తడిపిన గోనెను కట్టెకు కట్టి ఊపేవాడు. అది చూసి పై దిబ్బవాడు, అతన్ని చూసి ఆ పైవాడు. గోనె ఊగాక నేను అందరిదాన్ని. అందుకు బదులుగా ఎండాకాలం ఉప్పు పండినప్పుడు మొదటి గంపలు ఎగువ ఊళ్ళకు నడిచి వచ్చేవి, గొర్రెలు నాకడానికీ తోళ్ళు పదును చేసుకోవడానికీ. మనుషులు కాగితం లేకుండా ఒక మాట మీద నిలబడడం నేను ఎక్కువసార్లు చూడలేదు. ఇది మాత్రం చూశాను.

తర్వాత పొట్లం ఉప్పు వచ్చింది. తెల్లగా, సన్నగా, చెమ్మ పట్టకుండా. మడుగు ఉప్పు ముతక, కాస్త మట్టిరంగు. ఎగువవాళ్ళు గంపలు దించుకోవడం మానేశారు. మానేశాక, ఇంకా నీళ్ళెందుకు వదలాలని ఆలోచించారు. మనిషి ఆలోచిస్తే నాకు ముప్పే. ఒకడు కట్ట కట్టాడు, వాణ్ని చూసి ఇంకొకడు. కట్టలు కట్టుకుంటూ కట్టుబాటు తెంచుకున్నారు. ఇసుక ట్రాక్టర్లు వచ్చి నా పరుపు ఎత్తుకుపోయాయి. పరుపు పోయినవాడికి నిద్రేముంటుంది, నడకేముంటుంది. మడుగు ఏటేటా ముడుచుకుంటూ పోయింది. ఒకప్పుడు దాని ఒడ్డు రాతిగుండ్లను తగిలేది. ఇప్పుడు ఆ గుండ్ల దగ్గర నిలబడి తడి చూడాలంటే లోపలికి అరమైలు నడవాలి.

కొట్టాలలో పదకొండు ఇళ్ళవాళ్ళు ఉప్పు మడులు చేసేవారు. ఒక్కొక్కరే బళ్ళారి గనులకూ బెంగళూరు కట్టడాలకూ పోయారు. మిగిలింది వన్నూరక్క. యాభై దాటిన మనిషి. పొడుగు చేతులు, ఉప్పుకు తెల్లబారి పగిలిన అరికాళ్ళు. మడుగు నడుమ గుంత తవ్వితే ఉప్పునీరు ఊరుతుంది. దాన్ని తోడి చదును చేసిన మడిలో పలచగా పోసి ఎండకు వదలడం ఆమె పని. ఏ రోజు తోడాలో, ఏ రోజు ఎత్తాలో నాలుక మీద చుక్క వేసుకొని చెప్పేది. ఆ నాలుకకు రుచి ఎక్కువ, మాట తక్కువ.

ఆ ఏడు ఆమె గుంతలో నీరు జానెడుకు పడిపోయింది. రెండేళ్ళుగా నేను మడుగును ముట్టలేదు. మూడో ఏడూ ముట్టకపోతే గుంత అడుగు రాయిలా బిగుసుకుపోతుంది, మళ్ళీ ఊరదు. బెంగళూరులో ఇళ్ళపనికి రమ్మని ఆడబిడ్డ కబురు పంపింది. శ్రావణం దాకా చూసి చెబుతానంది వన్నూరక్క. అంటే నా కోసం చూస్తానని. ఏడాదికి ఇరవై రోజులు పనిచేసే దాన్ని నమ్ముకొని ఒక మనిషి బతుకు ఆగి ఉందంటే, గర్వపడాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు.

శ్రావణంలో ఎర్రగుట్ట మీద ఒక మంచి వాన పడింది. బయలుదేరాను. పాత కట్టలన్నీ ఎప్పటి వరదకో కొట్టుకుపోయి ఉన్నాయి, మళ్ళీ వేసే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఓపిక ఉన్నవాడు ఒక్కడే దొరికాడు, మూడో మైలు దగ్గర. ఎర్రబొమ్మనపల్లి తిప్పేసామి.

తిప్పేసామి చెడ్డవాడు కాదు. ఆరెకరాల వేరుశెనగ వేశాడు. చేను పూత మీద ఉంది. ఏటా నేను ఇసుకలో ఇంకిపోవడం చూసి చూసి ఈసారి బుర్రకు పదును పెట్టాడు. ఎండిన తెల్లమడుగు అంచున జిగట మన్ను కాపలా లేకుండా పడి ఉంది. చుక్క నీరు దాటనివ్వని మన్ను. నలభై ట్రాక్టర్లు తోలించి దాంతోనే నాకు అడ్డంగా కట్ట వేశాడు. కట్ట వెనక గుంత తవ్వి, దాని అడుగూ పక్కలూ ఆ మన్నుతోనే నున్నగా మెత్తించాడు. నేను వచ్చి నిలబడ్డాను. ఇంకలేదు. మా వంశంలో ఇంకకుండా నిలబడ్డ మొదటి నీళ్ళు నేనే. ఊరు ఊరంతా వచ్చి చూసి తిప్పేసామిని ఇంజనీరంది. గుంత మీద ఆయిల్ ఇంజను కూడా పెట్టాడు కాబట్టి ఆ మాట పూర్తిగా తప్పు కాదు.

మీకు అర్థమైపోయింది. అతనికి కాలేదు. ఆ మన్ను ఎన్ని తరాలుగా ఉప్పు తిని బలిసిందో తలచుకోకుండా దాన్ని నా కింద పరుపుగా వేశాడు. నిలబడిన కొద్దీ నేను ఉప్పనైపోతున్నాను. అతనికి ఉప్పందించే మనిషి ఒక్కరూ లేరు. నేను మాత్రం అందిస్తూనే ఉన్నాను, సాలు సాలుకూ.

రెండో తడికి ఆకుల అంచులు మాడాయి. టిక్కా తెగులన్నాడు పురుగుమందుల కొట్టతను. మందిచ్చాడు. తిప్పేసామి ఆ మందును నాలోనే కలిపి చేనంతా కొట్టాడు. జబ్బులో మందు కలిపి రోగికి పట్టించడం నేను చూసిన జీవాల్లో మనుషులకే చేతనైంది. తెగులు కుదరలేదు, అతనికి తిక్క రేగింది. మూడో తడి ఇంకాస్త ఎక్కువ పెట్టాడు. ఆ ఇంట్లో ఎవరైనా నన్ను ఒక్క గుక్క తాగి ఉంటే గుట్టు బయటపడేది. కాని వంక ఒడ్డున ఉండి వాళ్ళు తాగేది ఆటోలో వచ్చే క్యాను నీళ్ళు.

పదో రోజు పొద్దెక్కాక వన్నూరక్క వచ్చింది. నీళ్ళు రావాల్సిన దారిని వెతుక్కుంటూ, ఎండిన నా పరుపు మీదే ఆరు మైళ్ళు ఎదురు నడిచి వచ్చింది. కట్ట కింద నిలబడి, తొలినీళ్ళు వదలమని అడిగింది. బతిమాలలేదు, నిష్ఠూరమాడలేదు. ఆ కట్టుబాటు ఎప్పుడో పోయిందనీ, ఆమె ఒక్కదాని గుంత కోసం ఆరెకరాలు ఎండబెట్టుకోలేననీ తిప్పేసామి చెప్పాడు. అతనూ గట్టిగా ఏమీ అనలేదు. చేనువైపు చూస్తూ చెప్పాడు. అతని భార్య సుంకమ్మ లోటాతో క్యాను నీళ్ళు తెచ్చి ఇచ్చింది. వన్నూరక్క తాగి, లోటా ఇచ్చేసి వెనక్కి తిరిగింది.

తిరుగుతుండగా ఆమె చూపు నా అంచున పడింది. నీళ్ళు మన్నును తాకే చోట సన్నటి తెల్లగీత. వారం నుంచి ఊరంతా చూస్తున్నదే. ఎరువు నురగనుకొని వదిలేశారు. ముప్పై ఏళ్ళుగా ఆ గీత ఎప్పుడు కడుతుందా అని మడి పక్కన కూర్చొని కాచుకున్న మనిషి అలా వదల్లేదు. వంగింది. చెయ్యి చాపి, ఆగింది. తొలినీళ్ళు మడుగును ముట్టకముందు నోట పెట్టుకోకూడదు. నా తొమ్మిది మైళ్ళ పొడవునా ఆ నియమాన్ని ఇంకా పట్టుకొని ఉన్నది ఆమె ఒక్కతే. ఆ ఒక్కతే వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

ఆమె ముఖం నాలో కనబడుతోంది. ఏమీ చెప్పకుండా పోవచ్చు. ఇంకొక తడి పెడితే చేను పూర్తిగా పోతుంది. చేను పోతే తిప్పేసామికి కట్టతో పనిలేదు, నేను ఎవరూ వదలకుండానే ఆమెకు దక్కుతాను. ఆ ఆలోచన ముఖంలోకి వచ్చింది. ఆలోచన కాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత పోయింది.

"తెగులు కాదు తిప్పేసామీ. ఇది మా మడుగు మన్ను. నీ చేనుకు ఉప్పు పెడతాండావు. ఇంగొక తడి పెట్టినావంటే పంట కాదు, నేల పోతాది."

తిప్పేసామి నవ్వాడు. "బాగనే అల్లినావు వన్నూరక్కా. అడిగితే తెంచలేదని ఇప్పుడు ఉప్పంటాండావు."

నిజం చెప్పేవాళ్ళకు ఆ నిజం వల్ల మేలు జరిగేట్టుంటే దాన్ని ఎవరూ నమ్మరు. నేను సాక్ష్యం చెబుదామంటే నోరు లేదు. ఉన్నదంతా నీరే. వన్నూరక్క ఒట్టు పెట్టుకోలేదు.

"నన్ను నమ్మొద్దు. నీకూ నాలుక ఉండాది కదా" అంది.

పదిరోజులుగా ఇంజనీరు అనిపించుకున్న మనిషికి వేలు ముంచడం కష్టం. అతను అలాగే నిలబడ్డాడు. సుంకమ్మ దిగి వచ్చి, దోసిట్లో తీసుకొని పుక్కిలించి ఉమ్మేసింది. నాలుగు రోజులుగా ఒక గొర్రెల మంద నా దగ్గరికి వచ్చి, నీళ్ళలో మూతి పెట్టకుండా కట్టను నాకిపోతోంది. తిప్పేసామి మట్టిగడ్డలు విసిరి తోలేవాడు.

"గొర్రెలు కట్టను నాకుతాంటే, నీ పనితనం చూసి ముద్దు పెట్టుకుంటాండాయి అనుకుంటివి" అంది సుంకమ్మ. "వాటికుండే బుద్ధి మనకు లేకపాయె."

అప్పుడు తిప్పేసామి వంగాడు. రుచి చూశాక లేవడానికి చాలాసేపు పట్టింది. చేను వైపు చూడలేదు, భార్య వైపూ చూడలేదు. తెంచితే తనకేం మిగులుతుందని వన్నూరక్కనే అడిగాడు. ఊరట కోసం అడిగే మాట అది. ఆమె దగ్గర ఊరట లేదు.

"ఉండే నీళ్ళు పోతాయి. మళ్ళ వాన పడితే ఉప్పు కిందికి దిగి చేను చిగురేస్తాదేమో. పడకుంటే లేదు. గుంతలో మన్ను గీకి తీసెయ్యి. మళ్ళొచ్చే నీళ్ళు నీవి. వాటికి నేను అడ్డం రాను."

తిప్పేసామి పార అందుకున్నాడు. పార పడింది, నేను పారాను.

సుంకమ్మ ఇచ్చిన ఇంకో పార భుజాన వేసుకొని వన్నూరక్క నా ముందు నడిచింది. తుమ్మకంపలు పక్కకు లాగింది. ప్లాస్టిక్ సంచుల గుట్టలు తోసేసింది. ఇసుక ట్రాక్టర్లు తవ్విన గోతులు వచ్చిన ప్రతిచోటా, నేను అందులో పడి ఆవలించకుండా పక్కనుంచి చిన్న కాలువ గీసింది. ఒక నీటిపాయ ముందు ఒక మనిషి అలా పరుగూ నడకా కాకుండా పోవడం దూరం నుంచి చూసినవాళ్ళకు ఎలా కనబడిందో గాని, నా జన్మలో నాకు దారి చూపిన మనిషి లేదు. అడ్డం పడినవాళ్ళే అందరూ. ఇంకా నాలుగు మైళ్ళు, ఇంకా రెండు, ఇంకా ఒకటి. ప్రతి మైలుకూ నాలో సగం ఇంకింది. ఇంకా, ఇంకడం, రెండూ ఒకే ఊపిరిలో వచ్చే మాటలని ఆ మధ్యాహ్నం నాకు బాగా తెలిసింది.

పొద్దు వాలే వేళకు రాతిగుండ్లు దాటాను. అక్కడి నుంచి మడుగు నేల పళ్ళెంలా చదును. వాలు లేని చోట వంకకు పరువు లేదు. పలచబడ్డాను, వేళ్ళలా చీలాను, ప్రతి వేలూ కాస్త పాకి ఆగింది. చివరి వేలి నుంచి వన్నూరక్క గుంత రెండొందల అడుగులు. ఇంకొక్క తోపు చాలు. వెనక్కి చూశాను. తోయడానికి వెనక నేను లేను.

ఆమె నాకూ గుంతకూ మధ్య నిలబడింది. నన్ను చూసింది, గుంతను చూసింది. పార నేల మీద పెట్టి కూర్చుంది. చీకటి పడుతుండగా లేచి కొట్టాలకు పోయింది. బెంగళూరుకు మూట కట్టుకోవడానికే పోయిందనుకున్నాను. ఉప్పునేల మీద ఇంత తడిమరకగా మిగిలి, క్షమించమని చెప్పే భాష కూడా లేకుండా పడి ఉన్నాను.

తెల్లవారగానే గడ్డపార తీసుకొని వచ్చింది. పాత గుంత వైపు పోలేదు. నేను ఆగిపోయిన చోటే, నా చివరి వేలి కొసనే పోటు వేసింది. మోకాటి లోతుకు మన్ను నల్లగా తడిగా వచ్చింది. అది ఎప్పుడో నిండుగా ఉన్న రోజుల మడుగు. కప్పేసిన మన్ను కింద అన్నేళ్ళుగా ఉప్పు దాచుకొని నిద్రపోతోంది. నేను తడిపాను, అది లేచింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుంత పక్కల నుంచి చెమటలా నీరు ఊరడం మొదలుపెట్టింది. వన్నూరక్క నాలుక మీద చుక్క వేసుకొని, మడి చదును చేయడానికి లేచింది.

ఆ సాయంత్రమే తిప్పేసామి ట్రాక్టరు వచ్చింది, తన గుంతలో గీకిన మన్నుతో. గుండ్ల దగ్గర ఆపి దిగాడు. ఆమె తవ్వుతున్న చోటు చూసి అతనికి ఏదో పొరపాటనిపించింది.

"మడుగు ఆడుంటే ఈడ తవ్వుతాండావే వన్నూరక్కా?"

"వంక ఈడికే వచ్చె" అంది ఆమె, తల ఎత్తకుండా. ఆ మన్ను ఎక్కడ పోయాలో పారతో చూపించింది. దాన్ని కడిగితే ఇంకో మడికి సరిపడా ఉప్పునీరు వస్తుంది.

ఆడబిడ్డకు కబురు పోయింది, ఈ ఏడు రానని. వచ్చే ఏడో అని అటునుంచి అడిగారు. వచ్చే ఏడు వంకనడిగి చెబుతానంది. నన్ను అడిగితే నేనేం చెప్పను, నేనే ఆకాశాన్ని అడగాలి.

ఆకాశానికీ ఆ రోజుల్లో తీరిక లేదు. ఎగువన తిప్పేసామి పొద్దున లేచి దాన్ని చూసి రమ్మనేవాడు, చేను చిగురించాలని. దిగువన వన్నూరక్క అదే ఆకాశాన్ని చూసి ఆగమనేది, మడిలో ఉప్పు కరగకూడదని. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరి కోరికా న్యాయమే. దేవుడి స్థానంలో ఉండకుండా వంకగా పుట్టినందుకు మొదటిసారి సంతోషించాను.

కొత్త గుంత తవ్విన ఇరవై రెండో రోజు మధ్యాహ్నం ఎర్రగుట్ట మీద మబ్బు నల్లబడింది. అక్కడ నేను మళ్ళీ పుట్టబోతున్నాను. ఇక్కడ మడిలో మాత్రం నీళ్ళు లేవు, అంతా ఎగిరిపోయింది. నాలోంచి నన్ను తీసేస్తే మిగిలినది అంచు నుంచి అంచు దాకా పరుచుకొని ఉంది. కాస్త మట్టిరంగు, ముతక పలుకు. వన్నూరక్క మబ్బును ఒకసారి చూసి, కొంగు బిగించి, చేటతో గబగబా గంపలకు ఎత్తింది. ఆఖరి చేట ఎత్తాక ఒక పలుకు నోట్లో వేసుకుంది. ఇంకో పలుకు వేసుకుంది.